గుడ్డు పెట్టిందెవరు, పెంచిందెవరు?

మడివాళలో మా ఇంటి వంటగది కిటికీ చెక్క మీద ఈ జూన్‌లో ఒక కందిరీగ మట్టిగూడు కట్టింది. నడుము దారమంత సన్నగా ఉంది. రోజంతా వచ్చింది, పోయింది. వచ్చిన ప్రతిసారీ నోట్లో తడిమట్టి ఉండ. సాయంత్రానికి చిన్న చెంబులాంటి గది ఒకటి తయారైంది. మూడు నాలుగు రోజుల్లో దాని పక్కన ఇంకో మూడు గదులు లేచాయి. చివర్లో అన్నిటినీ కలిపి మట్టితో పూసేసి వెళ్ళిపోయింది. చూడ్డానికి ఎవరో నిమ్మకాయంత బురదముద్ద తీసి గోడకి కొట్టినట్టు ఉంది.

అప్పుడు మా అమ్మమ్మ పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. గూడు చూడగానే, "కందిరీగ గూడు పెట్టిందంటే ఇంట్లో ఎవురికో కడుపు పండేట్టుండాది మే" అంది. మా అమ్మకి నలభై నాలుగేళ్ళు. నేను పగలబడి నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఈ గూడేదో ఇరవై ఏండ్ల కింద దాని అత్తగారింట్లో పెట్టుంటే బాగుండు" అని పిన్ని వైపు చూసింది. పిన్ని ఏమీ అనలేదు. కుక్కర్ మూత పెట్టి విజిల్ తగిలించింది.

మా పిన్నికి పిల్లలు లేరు. ఆ కారణంగానే అత్తగారింటి నుంచి వచ్చేసింది. అప్పుడు నాకు ఆరు నెలలు. అమ్మ హోసూరు రోడ్డులో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసేది, పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఏడుకి వచ్చేది. నన్ను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసిందీ, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదీ, పలక మీద అ ఆలు దిద్దించిందీ పిన్నే. నాన్న వాళ్ళది కన్నడం, కాబట్టి ఇంట్లో రెండు భాషలు. తెలుగు నాకు వచ్చిందంటే అది పిన్ని పెట్టిన అన్నమే. అయినా నేను చదివిన ఒక స్కూల్లో మార్కుల కార్డు మీద పిన్ని సంతకం పెడితే, "అమ్మ ఎందుకు రాలేదు? ఈమె ఎవరు?" అని ప్రతిసారీ అడిగేవాళ్ళు.

నేను ఆర్ట్స్ స్టూడెంట్‌ని, పురుగుల గురించి నాకు ఏమీ తెలీదు. అమ్మమ్మ మాట మనసులో గుచ్చుకుని, అసలు ఆ గూట్లో ఏముందో చూద్దామని చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. పురుగుల్లో పిల్లల్ని ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నకి మనుషులు చాలాసార్లు తప్పు జవాబు చెప్పారు. కళ్ళు సరిగ్గానే చూశాయి, మిగతాది ఊహించుకున్నారు. ఆ తప్పుల వరస మీకు చెప్పాలని ఇది రాస్తున్నా.

మట్టిగూట్లో ఏం జరిగింది?

మొదటి తప్పు మన తెలుగు క్లాసులోనే ఉంది. భ్రమరకీటక న్యాయం అని మేడమ్ చెప్పారు, గుర్తుందా? భ్రమరం ఒక పురుగుని తెచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంది. పురుగు భయంతో భ్రమరాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి తనే భ్రమరమై బయటికి వస్తుంది. అలాగే దేవుణ్ణి తలుచుకున్న భక్తుడు దేవుడే అవుతాడని వేదాంతంలో పోలిక చెప్తారు.

ఈ కథ కట్టినవాళ్ళు గాల్లోంచి కట్టలేదు, జాగ్రత్తగానే చూశారు. గూట్లోకి ఆకుపచ్చ గొంగళిపురుగు వెళ్ళింది. మూత పడింది. కొన్ని వారాల తర్వాత అదే గూట్లోంచి కందిరీగ వచ్చింది. చూసినంతవరకూ నిజమే. చూడనిది మూత వెనక జరిగింది.

జరిగేది ఇది. తల్లి కందిరీగ గది కట్టాక లోపల ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు సన్నటి పోగుతో పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. తర్వాత గొంగళిపురుగుల్ని వేటాడి, కొండితో పొడిచి తెస్తుంది. ఆ విషం వాటిని చంపదు, కదలకుండా చేస్తుంది, అంతే. చంపితే రెండు రోజుల్లో కుళ్ళిపోతాయి. బతికుంటే చివరిదాకా తాజాగా ఉంటాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో అంతకంటే మంచి ఉపాయం ఏముంది? గది నిండా అలా కూరి, మూత వేసేస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఒక్కొక్క పురుగునే తింటూ పెరిగి, ప్యూపా అయి, రెక్కలొచ్చాక మట్టిని కొరికి బయటికొస్తుంది.

అంటే కీటకం భ్రమరం కాలేదు. భ్రమరం బిడ్డకి అన్నం అయింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పెద్ద కందిరీగ గొంగళిపురుగుల్ని తను తినదు. తను తాగేది పూలతేనె లాంటి తియ్యటి రసాలు. వేటంతా పిల్లల కోసమే. అంత కష్టపడి సామాను సర్ది, ఆ పిల్ల మొహం చూడకుండానే వెళ్ళిపోతుంది. గూడు ముందే కట్టి, తిండి పెట్టి, తాళం వేసి వెళ్ళే తల్లి అది.

కిందటేడు ఇలాంటి గూడే ఒకటి నేను చీపురుకట్టతో కొట్టేశాను. లోపల్నుంచి మెత్తటి ఆకుపచ్చ పురుగులు రాలాయి, ఒకటి రెండు కొంచెం మెదిలాయి కూడా. ఛీ అని చేటలోకి ఎత్తి పారేశా. అది ఒకరి వంటగది అని అప్పుడు తెలీదు.

పెట్టి వెళ్ళిపోయే తల్లులు

నిజానికి పురుగుల్లో ఈ మాత్రం చేసే తల్లులు కూడా తక్కువే. ఎక్కువ జాతుల్లో తల్లి గుడ్లు పెడుతుంది, వెళ్ళిపోతుంది, పని అయిపోయింది. కాకపోతే ఎక్కడ పెట్టాలో మాత్రం బాగా చూసుకుంటుంది. మీ ఇంట్లో కుండీలో కరివేపాకు మొక్క ఉంటే గమనించండి. నల్లరెక్కల సీతాకోకచిలుక ఒకటి వచ్చి ఆకు మీద వాలి ముందుకాళ్ళతో తపతపా తడుతుంది. దానికి కాళ్ళతోనే రుచి తెలుస్తుంది. ఇది నా పిల్లలు తినే ఆకేనా అని చూసుకుని ఒక్కో గుడ్డు అతికించి పోతుంది. పిల్లల్ని మళ్ళీ చూడదు. ఆ చిన్న పురుగులు పిట్టరెట్టలా కనిపిస్తాయి, వాటికి అదే కాపలా.

పట్టుపురుగు ఇంకా విచిత్రం. మడివాళ పేరు చెప్తే బెంగళూరులో అందరికీ గుర్తొచ్చేది సిల్క్ బోర్డు జంక్షన్, ఆ ట్రాఫిక్. రోజూ ఆ పేరు చెప్పి బస్సు దిగుతాం గానీ అక్కడున్నది 1948 నాటి చట్టంతో ఏర్పడిన సెంట్రల్ సిల్క్ బోర్డు అనీ, దాని పనంతా ఒక పురుగు పిల్లల పెంపకం చుట్టూ తిరుగుతుందనీ ఎంతమంది ఆలోచిస్తాం?

పట్టుపురుగు తల్లి ఒక రాత్రిలో నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. దానికి తినడానికి పనికొచ్చే నోరు లేదు, ఎగరలేదు. కొన్ని రోజుల్లో చచ్చిపోతుంది. మనుషులు వేల ఏళ్ళుగా పెంచీ పెంచీ అలా చేసేశారు. కాబట్టి పిల్లల్ని చూసుకునేది ఎవరు? మా అమ్మమ్మ లాంటివాళ్ళు. పలమనేరు, మదనపల్లె, హిందూపురం వైపు మల్బరీ తోటలున్న ఇళ్ళల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పురుగు పుట్టినప్పుడు చాలా చిన్నగా ఉంటుందట. లేత ఆకు సన్నగా తరిగి వెయ్యాలి. దాన్ని చాకీ అంటారు. పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. పొర విడిచే ముందు తిండి మానేసి కదలకుండా ఉంటుంది కాబట్టి దాన్ని 'జ్వరం' అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం దాటిందంటే ఇక రాత్రీ పగలూ ఆకు వెయ్యాల్సిందే. వేల నోళ్ళు ఒకేసారి ఆకు కొరుకుతుంటే వానపడ్డ చప్పుడు వస్తుందని అమ్మమ్మ చెప్తుంది. సుమారు పాతిక రోజులకి అవి చంద్రికల మీదికి ఎక్కి గూళ్ళు అల్లుతాయి.

"పురుగుల ఇంట్లోకి అగరొత్తి వాసన రానీము, పొగాకు ముట్టిన చేత్తో ఆకు ముట్టుకోము. కన్నబిడ్డల్ని కూడా అట్ల సాకలేదు" అంటుంది. అలా సాకిన అమ్మమ్మే పిన్నిని చూసి 'ఒక కాయ కాయలేదు' అంటుంది. అమ్మమ్మకి చెప్పాలని ఉంటుంది: నువ్వు సాకిన లక్ష పురుగుల్లో నువ్వు కన్నది ఎన్ని, అమ్మమ్మా? (ఆ పురుగులు గూటితో సహా మరిగే నీళ్ళల్లోకి పోతాయి. కాబట్టి దీన్ని పూర్తిగా తల్లిప్రేమ అనలేం. అది వేరే వ్యాసం.)

దగ్గరుండి చూసుకునేది ఎప్పుడు?

మరి కొన్ని జాతుల్లో తల్లి ఎందుకు ఉండిపోతుంది? ప్రేమ ఎక్కువై కాదు. లెక్క ఇలా ఉంటుంది. పిల్లల దగ్గర కూర్చున్న తల్లి ఇంకో చోట గుడ్లు పెట్టలేదు, సరిగ్గా తినలేదు, శత్రువుకి దొరికే ప్రమాదం ఎక్కువ. అంత నష్టానికి ఓర్చుకోవాలంటే, తను వెళ్ళిపోతే పిల్లలు ఒక్కటి కూడా మిగలని పరిస్థితి ఉండాలి. బూజు పట్టే చోటు, పొంచి ఉండే శత్రువులు, అందరూ కొట్టుకునే తిండి, ఇలాంటివి.

పూలకుండీ ఎత్తితే కింద తోక చివర పటకారు ఉన్న గోధుమరంగు పురుగు ఒకటి పరిగెడుతుంది చూశారా? దాన్ని ఇంగ్లీషులో ఇయర్‌విగ్ అంటారు. ఆ తల్లి గుడ్లని రోజూ నోటితో తుడుస్తూ, తిప్పి పెడుతూ ఉంటుంది. తల్లిని తీసేస్తే తడినేలలో గుడ్లకి బూజు పట్టి పోతాయి. పేడపురుగుల్లో కొన్ని జాతుల తల్లులు పేడ ఉండలు భూమిలో పాతి, ఒక్కో ఉండలో ఒక్కో గుడ్డు పెట్టి, పిల్లలు పెరిగేదాకా వారాల తరబడి అక్కడే ఉండి వాటిని శుభ్రం చేస్తూ ఉంటాయి. పేడ అంటే మనకి పేడ. పురుగులకి అది వదిలితే క్షణంలో ఎవరో ఎత్తుకుపోయే ఆస్తి.

మనం చెప్పు తీసుకుని వెంటపడే బొద్దింక కూడా ఉంది. వంటింట్లో తిరిగే చిన్న గోధుమరంగు రకం ఆడబొద్దింక, ముప్ఫై నలభై గుడ్లున్న సంచిని పొట్ట చివర పట్టుకుని, అవి పొదిగేదాకా మోస్తూనే తిరుగుతుంది. ఇది చదివాక కూడా నేను చెప్పు తీస్తాను, అబద్ధం చెప్పను. కాకపోతే ఒక్క సెకను ఆగుతున్నా.

ఇక్కడిదాకా అందరూ అమ్మలే. 'చూశావా, ప్రకృతి ధర్మం, పిల్లల పని ఆడదానిదే' అని ఎవరైనా అనొచ్చు. అందుకే తర్వాతిది చెప్పాలి.

వీపు మీద పిల్లల్ని మోసే నాన్న

మన చెరువుల్లో, వరి మళ్ళల్లో నీటి నల్లులు అని ఒక రకం పురుగులు ఉంటాయి. చదునుగా, గోధుమరంగులో, ఎండిన ఆకులా. వీటిలో కొన్నిటి వీపు మీద గుడ్లు బియ్యపు గింజలు నిలబెట్టి అతికించినట్టు వరసగా ఉంటాయి. చూసిన ప్రకృతి శాస్త్రవేత్తలు ఏమనుకున్నారు? గుడ్లు మోస్తోంది కాబట్టి ఇది తల్లే అనుకున్నారు. ఆడపురుగు తన గుడ్లు తనే వీపు మీద పెట్టుకుంటుంది అని రాశారు కూడా.

1899లో అమెరికాలో ఫ్లారెన్స్ వెల్స్ స్లేటర్ అనే ఆమె అనుమానం వచ్చి పరీక్షించి చూసింది. గుడ్లు మోస్తున్నవి మగవి! ఆడది వచ్చి మగదాని వీపు మీద గుడ్లు అతికించి వెళ్ళిపోతుంది. మూత వెనక ఏముందో చూడకుండా భ్రమరకీటక న్యాయం కట్టినట్టే, ఇక్కడ పొట్ట కింద చూడకుండా 'అమ్మ' అని రాసేశారు.

ఇంకో తమాషా. స్లేటర్ కూడా, పాపం ఆ మగపురుగు ఇష్టం లేకుండా ఆ బరువు మోస్తోంది అని రాసింది. 1970లలో రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రవేత్త అరిజోనాలో ఇలాంటి పురుగుల్ని దగ్గరగా గమనించాక అదీ తప్పని తేలింది. మగదే ఆడదాన్ని పిలుస్తుంది. గుడ్లు తనవే అని నమ్మకం కుదిరేలా, కాసిని గుడ్లు పెట్టనిచ్చి మళ్ళీ జతకట్టి, మళ్ళీ కాసిని పెట్టనిస్తుంది. ఆ తర్వాత పనంతా నాన్నదే. గుడ్లు పూర్తిగా నీళ్ళలో ఉంటే ఊపిరాడదు, పూర్తిగా బయట ఉంటే ఎండిపోతాయి. అందుకని నీటిపైకి వచ్చి గాలి తగిలిస్తుంది, మళ్ళీ మునుగుతుంది, కాళ్ళ మీద పైకీ కిందికీ ఊగుతూ గుడ్ల మీద నీళ్ళు ఆడేలా చేస్తుంది. గుడ్లు రెక్కల మీదే అతికి ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో ఎగరడానికీ లేదు. అలా చూసుకోకపోతే గుడ్లు బతకవు.

ఇది చదివాక ఒక ఆదివారం నాన్నని తీసుకుని మడివాళ చెరువుకి వెళ్ళా. గంటసేపు ఒడ్డున వంగి చూశాం. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, కొంగలు కనిపించాయి గానీ గుడ్లు మోసే పురుగు దొరకలేదు. "ఏను హుడుకుత్తిద్దీయా?" అని, ఏం వెతుకుతున్నావని నాన్న అడిగారు. "నిమ్మంథ అప్పన్న," మీలాంటి నాన్నని అన్నా. నన్ను పదో తరగతి దాకా రోజూ స్కూటర్ మీద దింపింది నాన్నే. ఆయన నవ్వి, "నేను వీపు మీద కాదు, ముందు నిలబెట్టి తీసుకెళ్ళా" అన్నారు.

టాటా ఇన్‌స్టిట్యూట్ కందిరీగలు

అమ్మలు అయ్యారు, నాన్నలు అయ్యారు. ఇక పిన్నుల సంగతి.

దీనికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. ఈ ఊళ్ళోనే సెంట్రల్ కాలేజీలో జువాలజీ చదివిన రాఘవేంద్ర గదగ్‌కర్ గారు, బస్ కండక్టర్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దశాబ్దాల పాటు ఒకే ఒక్క జాతి కందిరీగ మీద పరిశోధన చేశారు. దాని శాస్త్రీయ నామం రోపాలిడియా మార్జినాటా. 2001లో దాని మీద పెద్ద పుస్తకం రాస్తే హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఇదేమీ అడవిలో దొరికే అరుదైన పురుగు కాదు. కిటికీ సన్‌షేడ్ కింద, మెట్ల కింద, బూడిదరంగు కాగితంతో చేసిన తామరకాయలా వేలాడే గూడు ఉంటుందే, అలాంటిదే. మా అజ్జి దీన్ని 'కణజ' అంటుంది. చెక్కనార గీకి, నమిలి, ఎంగిలితో కలిపి ఆ కాగితం తయారుచేస్తాయి. నేను పైన చెప్పిన మట్టిగూటి కందిరీగలా ఒంటరిది కాదు, ఇది ఉమ్మడి కుటుంబం.

ఆ గూట్లో గుడ్లు పెట్టేది ఒక్కటే, దాన్ని రాణి అంటారు. తేనెటీగల్లో కూడా అంతే కదా. (అక్కడా ఒక పాత తప్పుంది. గూటిని ఏలేది మగదే అయ్యుంటుందని యూరప్‌లో శతాబ్దాల పాటు దాన్ని రాజు అన్నారు. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లీషాయన అది ఆడదని పుస్తకం రాశాడు. తర్వాత స్వామర్‌డామ్ కోసి చూసి లోపల అండాశయాలు ఉన్నాయని చూపించాడు.) మిగతా ఆడవన్నీ గుడ్లు పెట్టవు. గూడు కడతాయి, పురుగుల్ని వేటాడి నమిలి ముద్దచేసి తెచ్చి, ఒక్కో గదిలో ఉన్న ఒక్కో పిల్లకి నోట్లో పెడతాయి. మన పుస్తకాల్లో వీటిని కూలి ఈగలు, శ్రామికులు అంటారు. నాకైతే ఆ మాట నచ్చలేదు. కూలి ఎవరిచ్చారు వాటికి?

ఇక్కడే అసలు ప్రశ్న. తేనెటీగల్లో పనిచేసే ఈగకీ రాణికీ శరీరమే వేరు. కానీ ఈ కందిరీగల్లో అలా కాదు. చూడ్డానికి అన్నీ ఒకటే. పనిచేసేది కూడా కావాలంటే వెళ్ళిపోయి సొంత గూడు పెట్టుకుని గుడ్లు పెట్టుకోగలదు. రాణిని తీసేస్తే, మిగతావాటిలో ఒకటి కొద్ది నిమిషాల్లోనే పెత్తనం మొదలుపెట్టి, సుమారు వారంలో తనే గుడ్లు పెట్టే రాణి అయిపోతుంది. అంటే చేతకాక కాదు. చేతనై ఉండి కూడా, వేరేవాళ్ళ పిల్లల్ని పెంచుతాయి. ఎందుకు?

చెల్లెళ్ళని పెంచితే తమ రక్తమే నిలబడుతుంది కదా అన్నది ఒక జవాబు. 1964లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. అది చాలా గొప్ప జవాబే గానీ ఈ గూట్లో మాత్రం అది ఒక్కటే సరిపోలేదు. ఇక్కడ రాణులు మారుతూ ఉంటారు, ఒక్కో రాణి ఒకటికి మించి మగవాటితో జతకడుతుంది. కాబట్టి పెంచే పిల్లలు చెల్లెళ్ళు మాత్రమే కాదు. అక్కచెల్లెళ్ళ పిల్లలు, ఇంకా దూరపు వరసలవాళ్ళు కూడా. పెళ్ళిలో మనం 'ఈవిడ నాకేమవుతుంది?' అని తల గీరుకునే వరసల్లాంటివి.

గదగ్‌కర్ గారు 1990లో ఇంకో జవాబు చెప్పారు. ఈ కందిరీగ గుడ్డు పెద్దది కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. పనిచేసే కందిరీగల్లో చాలావాటి ఆయుష్షు అంతకంటే తక్కువ. ఒంటరిగా వెళ్ళి గూడు పెట్టిందనుకోండి. పిల్లలు సగం పెరిగేసరికి తల్లి పోతే, ఆ సగం పెంపకం మొత్తం వృథా, తిండి పెట్టేవాళ్ళు లేక పిల్లలన్నీ చచ్చిపోతాయి. అదే పదిమందితో కలిసి పెంచితే? తను పది రోజులే బతికినా ఆ పది రోజులు పెట్టిన ముద్దలు వృథా కావు. మిగతాది ఇంకొకరు పెడతారు. సగంలో ఆగిపోయిన పని ఇంకో చేతిలో పూర్తవుతుంది.

ఈ పేరా చదివినప్పుడు నేను లైబ్రరీలో పుస్తకం మూసి కాసేపు కూర్చున్నా. అమ్మకి ఫ్యాక్టరీలో షిఫ్ట్ మొదలయ్యే టైంకి నాకు ఆరు నెలలు. అమ్మ మొదలుపెట్టిన ముద్ద పిన్ని పెట్టింది.

మగ కందిరీగల సంగతి కూడా చెప్పాలి. పుట్టిన వారం రోజులకి గూడు వదిలి వెళ్ళిపోతాయి, మళ్ళీ రావు. గూట్లో ఉన్నన్నాళ్ళూ పని ఏమీ చెయ్యవు. మగవాటికి పిల్లలకి తిండి పెట్టడం రాదని అందరి నమ్మకం. 2006లో రుచిరా సేన్, గదగ్‌కర్ కలిసి ఒక ప్రయోగం అచ్చువేశారు. గూట్లోంచి ఆడవాటిని తీసేసి, మగవాటి నోటికి కావలసినంత తిండి అందించి చూశారు. మగవి కూడా పిల్లలకి తిండి పెట్టాయి! ఆడవాటంత బాగా కాదు, నిజమే. కానీ రాదు అన్నది అబద్ధం. అవకాశం, అవసరం రాలేదు, అంతే. ఇది మా తమ్ముడికి చదివి వినిపించా. వాడు కంచం తీసి సింకులో వేసి వెళ్ళిపోయాడు. అదీ మొదటిసారే.

పురుగుల్ని చూసి నేర్చుకోవాలా?

ఇంతా రాసి, కాబట్టి మనం కందిరీగల్లా ఉండాలి అని ముగిస్తే అది ఇంకో భ్రమరకీటక న్యాయం అవుతుంది. ఆ గూట్లో కొట్లాటలు ఉన్నాయి, ఆకలేస్తే తమ గూటి పిల్లల్నే తినే కందిరీగలూ ఉన్నాయి. పురుగులు మనకి నీతి చెప్పడానికి పుట్టలేదు. కానీ మనం ఎప్పుడూ 'ప్రకృతి' పేరు చెప్పి మాట్లాడతాం కదా. తల్లి అంటే కన్నదే, పెంపకం అంటే ఆడదానిదే, కడుపు పండకపోతే ఆడదాని బతుకు వృథా అని. నేను చెప్పేది ఒక్కటే. ఆ మాటలు అనాలనుకుంటే మీ సొంత పూచీ మీద అనండి, ప్రకృతిని సాక్షిగా పిలవద్దు. పిలిస్తే ఆ సాక్షి వేరేలా చెప్తుంది. కని వెళ్ళిపోయేవాళ్ళున్నారు, కనకుండా పెంచేవాళ్ళున్నారు, వీపు మీద మోసే నాన్నలున్నారు. పిల్లని బతికించేది పొద్దున్నా సాయంత్రం ముద్ద పెట్టే చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో చూడకుండా చెప్పలేం.

మన భాషకి ఇది ముందే తెలుసు అనిపిస్తుంది. పిన్న అంటే చిన్న. పిన్నమ్మ అంటే చిన్న అమ్మ, అదే పిన్ని అయింది. నాన్న వైపు కన్నడంలో చిక్కమ్మ, అదీ చిన్న అమ్మే. పెద్దమ్మ, దొడ్డమ్మ కూడా అంతే. రెండు భాషల్లోనూ ఆమె పేరులో అమ్మ ఉంది. ఇంట్లోవాళ్ళకీ, స్కూలువాళ్ళకీ వినపడలేదు.

జులై చివర్లో ఒక పొద్దున మా కిటికీ మీది మట్టిగూటికి పెన్సిల్ దూరేంత గుండ్రటి కన్నం కనిపించింది. పిల్ల కందిరీగ ఎప్పుడు వెళ్ళిపోయిందో మేమెవరం చూడలేదు. ఆ సాయంత్రం అమ్మమ్మ పలమనేరు నుంచి ఫోన్ చేసి, "ఏం మే, ఆ గూడు పెట్టినాక ఎవురికన్నా ఏమన్నా విశేషమా?" అని అడిగింది. ఫోన్ పిన్ని చేతిలో ఉంది. "పుట్టింది మా, నాలుగు రెక్కలతో పుట్టింది" అంది పిన్ని. అవతల అమ్మమ్మ అర్థం కాక "ఆ? ఆ?" అంటోంది. పిన్ని నవ్వడం మొదలుపెట్టి ఆపలేక ఫోన్ నా చేతికిచ్చేసింది.

హాస్టల్ అక్కలకీ, చెల్లెళ్ళకీ ఒక మనవి. మీ కిటికీల మీద, ట్యూబ్‌లైట్ పట్టీల వెనక మట్టిగూడు కనిపిస్తే, ప్రతి గదికీ కన్నం పడేదాకా చీపురు ఎత్తకండి. అన్ని గదులకీ కన్నం పడిందంటే ఇల్లు ఖాళీ అయినట్టు. అప్పుడు దులపండి.